చమురు పైప్‌లైన్ విస్తరణ: అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికి ఉంది?

సంక్షిప్తంగా: కెనడాలో ఒక చమురు పైప్‌లైన్ విస్తరణ 2013 నుంచి 2024 దాకా కోర్టుల్లోనూ వీధుల్లోనూ నలిగింది. పైపు వెళ్లే నేల కంటే, అది దాటే నదులు, అది చేరే సముద్రం గురించే అక్కడ ఎక్కువ గొడవ జరిగింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా కూడా ఇంధన పైప్‌లైన్ వెళుతోంది. ఇలాంటి పైపులకు వర్తించే మన చట్టం అభ్యంతరం చెప్పే అవకాశాన్ని భూమితో సంబంధం ఉన్నవారికే ఇస్తుంది. నది నీరు తాగే ఊళ్లకు, ఏటి మొగలో వల వేసే మత్స్యకారులకు ఆ దశలో వేదిక లేదు. ఈ ఖాళీ ఎలా ఏర్పడింది, విస్తరణ సమయంలో అది ఎందుకు మరింత పెద్దదవుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పొలం గట్టు మీది స్తంభం

ఉత్తరాంధ్రలో ఇంధన పైప్‌లైన్ వెళ్లే దారిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పొలం గట్ల మీద, గెడ్డ దాటే చోట, తారు రోడ్డు పక్కన రంగు వేసిన చిన్న స్తంభాలు వరుసగా కనిపిస్తాయి. వాటి మీద కిలోమీటరు సంఖ్య, ఇక్కడ తవ్వరాదన్న హెచ్చరిక, ప్రమాదం కనబడితే చెప్పవలసిన ఫోన్ నంబరు ఉంటాయి. స్తంభాల మధ్య నేల చూడడానికి మామూలు పొలమే. అందులో వరి నాట్లు పడతాయి, కోతలయ్యాక మినుములూ పెసలూ చల్లుతారు. ఆ నేల కింద మీటరుకు తగ్గని లోతున ఉక్కు గొట్టంలో పెట్రోలు, డీజిల్ ఒకదాని వెనుక ఒకటి ప్రవహిస్తుంటాయి. ఒడిశాలోని పారాదీప్ రిఫైనరీని హైదరాబాద్‌తో కలిపేలా రూపొందించిన 1,212 కిలోమీటర్ల పైప్‌లైన్ దారి ఈ జిల్లాల మీదుగానే ఉంది. దాని సామర్థ్యం ఏడాదికి 45 లక్షల టన్నులు.

ఈ పైప్‌లైన్‌లో ఏదో లోపం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే పారాదీప్ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి కోటిన్నర టన్నులు. విశాఖ రిఫైనరీని 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పని కూడా చేపట్టారు. శుద్ధి చేసిన ఇంధనం పెరిగితే దాన్ని లోపలి రాష్ట్రాలకు చేర్చే దారి కూడా పెరగాలి. అందుకే విస్తరణ అనే మాట ఈ తీరంలో నేడో రేపో వినబడక తప్పదు. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడే తెలిసి ఉండడం మంచిది.

విస్తరణ అంటే ఏం చేస్తారు?

ఒక పైప్‌లైన్ సామర్థ్యాన్ని మూడు రకాలుగా పెంచవచ్చు. పాత పైపు పక్కనే కొత్త పైపు వేయడం అందరికీ కనబడే పద్ధతి. దీనికి మళ్లీ కందకం తవ్వాలి, అవసరమైన చోట కొత్త భూమి తీసుకోవాలి, అందువల్ల ఊరికి విషయం తెలుస్తుంది. రెండో పద్ధతిలో దారి పొడవునా కొత్త పంపు స్టేషన్లు పెట్టి, ఉన్న పైపులోనే ఒత్తిడి పెంచి వేగంగా నెడతారు. మూడో పద్ధతిలో ఇంధనంలో అతి స్వల్ప మోతాదులో ఒక రసాయనాన్ని కలుపుతారు. అది గొట్టం గోడల దగ్గర రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి అదే పంపుతో ఎక్కువ ఇంధనం ముందుకు పోతుంది.

రెండో పద్ధతికి ప్రకృతి వసూలు చేసే మూల్యం ఎక్కువ. గొట్టంలో ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే రాపిడి వల్ల పోయే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర నుంచి నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. అందుకే పంపుల మధ్య దూరం తగ్గించాలి. లేదా పైపును దాని గరిష్ఠ పరిమితికి దగ్గరగా నడపాలి. ఇంధనం మారినప్పుడల్లా, పంపు ఆగి మళ్లీ నడిచినప్పుడల్లా ఒత్తిడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇనుప తీగను పదే పదే వంచితే ఒకచోట తెగినట్టే, ఈ ఎక్కుదిగుళ్ల వల్ల అతుకుల దగ్గర, తుప్పు పట్టిన చోట సన్నటి పగుళ్లు ఏళ్ల తరబడి లోతవుతూ వస్తాయి. పైపు కొత్తదైతే, పైపూత చెక్కుచెదరకుండా ఉంటే, తుప్పు పట్టకుండా ఉక్కుకు అందించే స్వల్ప విద్యుత్తు సరిగా అందుతుంటే ఈ ముప్పు తక్కువ. పైపు వయసు మీరుతున్నప్పుడు విస్తరణ మొదలుపెడితే లెక్క మారిపోతుంది.

ఊరి మనిషి కంటికి మాత్రం ఈ మూడింటిలో మొదటిదే విస్తరణ. తక్కిన రెండూ పంపు స్టేషన్ ప్రహరీ లోపల జరిగిపోతాయి.

కెనడాలో పదేళ్ల వివాదం

కెనడాలో అల్బర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్ నుంచి పసిఫిక్ తీరంలోని బర్నబీ వరకు ట్రాన్స్ మౌంటెన్ అనే పైప్‌లైన్ 1953 నుంచి నడుస్తోంది. దాని పొడవు దాదాపు 1,150 కిలోమీటర్లు. రోజుకు 3 లక్షల బ్యారెళ్ల సామర్థ్యాన్ని 8.9 లక్షల బ్యారెళ్లకు పెంచడానికి, అత్యధిక భాగం పాత దారి వెంబడే రెండో పైపు వేయడానికి 2013 డిసెంబరులో దరఖాస్తు పడింది. అప్పటికి పాత పైపు అరవై ఏళ్లుగా అక్కడ ఉన్నదే. అన్నేళ్లు ఊరుకున్నవారు విస్తరణ అనగానే ఎందుకు లేచారన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

జవాబులో పెద్ద భాగం పైపు చివర ఉంది. సామర్థ్యం మూడింతలైతే బర్నబీ రేవుకు వచ్చే చమురు ఓడలు నెలకు సుమారు 5 నుంచి 34కు పెరుగుతాయని అంచనా. ఆ ఓడలు వెళ్లే ఇరుకు సముద్రంలో ఓర్కా తిమింగలాల ఒక ప్రత్యేక సమూహం ఉంది. వాటి సంఖ్య డెబ్బై, ఎనభైల మధ్యే. ఓడల చప్పుడు వాటి వేటకే అడ్డు, ఎందుకంటే అవి చేపల జాడను ధ్వని ప్రతిధ్వనుల ద్వారానే పసిగడతాయి. ఇక ఆ పైపులో పోయేది మామూలు ముడిచమురు మాత్రమే కాదు, ఇసుక నుంచి తీసే తారులాంటి బిట్యుమెన్‌ను పలుచని ద్రావకంతో కలిపి పంపుతారు. ఒలికితే ద్రావకం ఆవిరైపోయి, మిగిలిన ముద్ద నీటి అడుగుకు దిగే ప్రమాదం ఉంది. ఇలాంటి చమురును తవ్వి తీయడానికే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి, పైపు పెద్దదైతే కర్బన ఉద్గారాలు మరిన్ని దశాబ్దాల పాటు ఖాయమవుతాయన్నది వాతావరణ కోణంలో చేసిన వాదన.

మూలవాసుల అభ్యంతరం వీటన్నిటికీ చట్టబద్ధమైన బలాన్నిచ్చింది. అక్కడి రాజ్యాంగం ప్రకారం ఫస్ట్ నేషన్స్ అని పిలిచే మూలవాసి సమూహాల హక్కులు దెబ్బతినే నిర్ణయానికి ముందు ప్రభుత్వం వారిని సంప్రదించి తీరాలి. ఈ సమూహాలన్నీ ఒకే మాట మీద లేవు. కొన్ని లాభాల ఒప్పందాలపై సంతకాలు చేశాయి, బర్నబీ తీరంలోని స్లేల్-వౌతూత్ వంటివి కోర్టుకు వెళ్లాయి. 2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2018 మేలో, వ్యతిరేకత వల్ల వెనుకాడుతున్న కంపెనీ నుంచి పైప్‌లైన్‌ను 450 కోట్ల కెనడా డాలర్లకు కొంటామని ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు 30న ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ అనుమతిని రెండు కారణాలతో కొట్టేసింది. మూలవాసులతో జరిపిన సంప్రదింపు వారు చెప్పింది రాసుకోవడంతో ఆగిపోయిందని, సముద్రంలో పెరిగే ఓడల ప్రభావాన్ని సమీక్ష పరిధి నుంచి తప్పించారని కోర్టు తేల్చింది. కంపెనీ వాటాదారులు అమ్మకానికి ఓటేసింది కూడా ఆ రోజే.

2019 జూన్ 17న కెనడా పార్లమెంటు వాతావరణ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. మర్నాడే ప్రభుత్వం విస్తరణను తిరిగి ఆమోదించింది. రెండోసారి వేసిన వ్యాజ్యాలు 2020లో వీగిపోయాయి. 2024 మే 1న కొత్త పైపు వాణిజ్యపరంగా నడక మొదలుపెట్టింది. మొదట 540 కోట్ల డాలర్లన్న ఖర్చు చివరికి 3,400 కోట్ల డాలర్ల దాకా చేరింది. అంటే వ్యతిరేకత పైపును ఆపలేకపోయింది. కానీ సమీక్ష హద్దు ఎక్కడ గీయాలన్న విషయంలో అది ఒక స్థిరమైన మార్పు తెచ్చింది. పైపు ఎక్కడ ముగుస్తుందో దాని ప్రభావం అక్కడితో ముగియదని అక్కడి కోర్టు చేత చెప్పించింది.

పైపు పగిలిన సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది?

పైప్‌లైన్లను సమర్థించేవారు తరచూ చెప్పే మాట, నియంత్రణ గదిలో కంప్యూటర్లు ప్రతి క్షణం ఒత్తిడిని గమనిస్తుంటాయని. ఆ మాట నిజమే, దాని హద్దు తెలుసుకోవాలి. పంపిన పరిమాణానికీ అందిన పరిమాణానికీ తేడా చూసి లీకును పట్టే పద్ధతికి కొలతల్లోని సహజమైన తప్పే అడ్డం. ప్రవాహంలో సుమారు ఒక శాతం కంటే చిన్న లీకును అది నమ్మకంగా పట్టలేదు. ఏడాదికి 45 లక్షల టన్నులంటే రోజుకు 12,300 టన్నులు. అందులో ఒక శాతం 120 టన్నులకు పైమాటే. సామర్థ్యం పెరిగితే ఆ ఒక శాతం కూడా దానితో పాటే పెరుగుతుంది, అంటే కంప్యూటర్ కంటపడకుండా కారగలిగే పరిమాణం పెద్దదవుతుంది.

పెద్ద పగులు సైతం గుర్తించకపోయిన సందర్భం అమెరికాలో ఉంది. 2010 జులై 25 సాయంత్రం మిషిగన్ రాష్ట్రంలో 1969 నాటి ఒక పైప్‌లైన్ ఆరడుగుల పొడవున చీలింది. నియంత్రణ గదిలో హెచ్చరికలు మోగాయి. పైపులో ఖాళీ బుడగ ఏర్పడిందనుకుని సిబ్బంది రెండుసార్లు పంపులు తిరిగి నడిపారు. 17 గంటల తర్వాత వేరే గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఫోన్ చేసి చెప్పేదాకా అది లీకని తేలలేదు. దాదాపు 32 లక్షల లీటర్ల చమురు కలమజూ నదిలో కలిసింది. 50 కిలోమీటర్లకు పైగా నదిని మూసివేశారు. బిట్యుమెన్ అడుక్కి దిగడంతో శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది, ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. పైపూత ఊడినచోట తుప్పు, పగుళ్లు కలిసి పైపును బలహీనపరిచాయని, ఆ పగుళ్ల జాడ 2005 తనిఖీలోనే కనబడిందని దర్యాప్తు సంస్థ తేల్చింది.

మన దగ్గరికి వస్తే 2014 జూన్ 27 నాటి నగరం ప్రమాదం గుర్తుకు రాక మానదు. కోనసీమలోని ఆ ఊళ్లో పేలింది చమురు పైపు కాదు, గ్యాస్ పైపు. 20 మందికి పైగా చనిపోయారు. గ్యాసుతో పాటు నీరు, కండెన్సేట్ (గ్యాసుతో కలిసి వచ్చే ద్రవ ఇంధనం) కూడా ప్రవహించి పైపును లోపలి నుంచి తుప్పు పట్టించాయని విచారణలో బయటపడింది. మిషిగన్‌లోనూ నగరంలోనూ వైఫల్యం ఒక్క రోజులో పుట్టింది కాదు. అది పైపు లోపల ఏళ్లుగా పెరిగింది. ఆ ఏళ్లలో తనిఖీ నివేదికల్లో ఏముందో పైపు పక్కన కాపురముంటున్నవారికి తెలిసే మార్గం లేకపోయింది.

బయటి దెబ్బ మరో పెద్ద కారణం. 2007 జులైలో బర్నబీలో మురుగు కాలువ పని చేస్తున్న యంత్రం ట్రాన్స్ మౌంటెన్ పైపును తాకింది. చమురు వీధిలోకి, ఇళ్ల మీదికి చిమ్మి చివరికి సముద్రపు పాయలో కలిసింది. చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్లు, పొలాన్ని చదును చేసే జేసీబీలు, రాత్రికి రాత్రి బోరు వేసే బండ్లు తిరిగే మన పల్లెల్లో ఈ ముప్పును చిన్నది అనడానికి లేదు. పైపు దారి వెంట రోజూ నడిచే కాపలా మనిషి ఒక్కడే దానికి ముందువరస రక్షణ.

డీజిల్, ఇసుక, ఊటబావి

కెనడా వాదనను అక్షరాలా ఇక్కడికి తెచ్చుకుంటే పొరబాటవుతుంది. మన జిల్లాల కింద పోయేది బిట్యుమెన్ కాదు, శుద్ధి చేసిన ఇంధనం. అది నీటి మీద తేలుతుంది, అడుక్కి దిగదు, ఎండకు త్వరగా ఆవిరవుతుంది. ఈ కోణంలో ముప్పు తక్కువ. కానీ పలుచగా ఉండడం వల్లనే అది ఇసుకలోకి సులువుగా ఇంకుతుంది. మన నదుల నుంచి తాగునీరు తీసే పద్ధతి ఇసుక మీదే ఆధారపడి ఉంది.

నాగావళి వేసవిలో ఒక పక్కన సన్నటి పాయగా మారిపోతుంది. తక్కినదంతా ఇసుక మేట. అయినా శ్రీకాకుళం పట్టణానికి నీరు అందుతుందంటే కారణం ఏటిలోని ఊటబావులు. ఇసుక పొరల్లో దాగిన నీరు వాటిలోకి ఊరుతుంది, పంపులతో పైకి తోడుతారు. విజయనగరం పట్టణానికి నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి, ముషిడిపల్లి దగ్గర గోస్తని దిక్కు. ఇసుక ఇక్కడ వడపోత గుడ్డలా పనిచేస్తుంది. మట్టినీ నలుసునూ అది ఆపగలదు, నీటిలో కరిగిపోయిన బెంజీన్‌ను ఆపలేదు.

పెట్రోలులో ఘనపరిమాణం లెక్కన ఒక శాతం దాకా బెంజీన్ ఉండవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. లీటరు పెట్రోలులో అది గరిష్ఠంగా 8 గ్రాముల పైచిలుకు. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. ఆ బెంజీన్ మొత్తం నీటిలో కరిగిందనుకుంటే, ఒక్క లీటరు పెట్రోలు 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు. వాస్తవంలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది కాబట్టి లెక్క అంత తీవ్రంగా ఉండదు. కానీ ఇసుక లోపల గాలి తగలని చోట అది చాలాకాలం నిలుస్తుంది. మూత్రపిండాల వ్యాధితో తాగునీటి మీదే నమ్మకం పోయిన ఉద్దానంలో, 2023లో హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాలకు నీరు తెచ్చుకోవలసి వచ్చిన జిల్లాలో, నీటి గురించిన అనుమానాన్ని భయమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

నదిని దాటే చోట పైపును ఏటి అడుగు కన్నా చాలా లోతున, కింది నుంచి రంధ్రం తొలిచి దించడం ఇప్పటి మంచి పద్ధతి. లోతు తక్కువ కందకంలో వేసిన చోట రెండు విషయాలు పైపును బయటపెడతాయి. ఒకటి వరద. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకినప్పుడు ఈ నదులు ఎలా పొంగాయో జిల్లా అంతా చూసింది. రెండోది ఇసుక తవ్వకం. వంశధార, నాగావళి అడుగు మట్టం ఏటేటా దిగుతుంటే, కాగితం మీద రెండు మీటర్ల లోతున ఉన్న పైపు నేల మీద అంత లోతున ఉండదు. విస్తరణను పరిశీలించేటప్పుడు అడగవలసిన మొదటి లెక్క ఇదే: పైపు నదిని దాటే ప్రతిచోట ఇప్పటి అడుగు మట్టం ఎంత, దిగువన మొదటి ఊటబావి ఎంత దూరంలో ఉంది?

1962 చట్టం ఎవరి మాట వింటుంది?

మన దేశంలో చమురు, గ్యాస్ పైపుల కోసం 1962లో చేసిన ప్రత్యేక చట్టం ఉంది. అది భూమిని తీసుకోదు, భూమి అడుగున పైపు వేసుకునే వినియోగ హక్కును మాత్రమే తీసుకుంటుంది. యాజమాన్యం రైతుదే. పైపు వేశాక పంట వేసుకోవచ్చు. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పరిహారంగా భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు, పంటకూ చెట్లకూ జరిగిన నష్టం దీనికి వేరు.

వరి పొలానికి ఈ ఏర్పాటు అంత బరువు కాకపోవచ్చు. ఉద్దానంలో కొబ్బరి తోటకు మాత్రం ఇది వేరే సంగతి. ఇలాంటి పట్టీ సాధారణంగా 18 మీటర్ల వెడల్పు ఉంటుంది. తోటలో వంద మీటర్ల పొడవున అది సాగితే దాదాపు 45 సెంట్లు దాని కిందికి వస్తాయి. ఇరవై అయిదు అడుగుల ఎడంతో నాటిన తోటలో ఎకరానికి 70 చెట్ల చొప్పున, ఆ పట్టీలో 30 చెట్లు పోతాయి. పోయిన చెట్లకు డబ్బు వస్తుంది. కానీ అక్కడ మళ్లీ కొబ్బరి మొక్కో, జీడిమామిడి మొక్కో నాటే హక్కు రైతు వారసులకు కూడా ఉండదు. ఆ సెంట్ల విలువ పది లక్షలైతే, తోటభూమి శాశ్వతంగా పైరుభూమిగా మారినందుకు దక్కేది లక్ష రూపాయలు.

అభ్యంతరం చెప్పుకునే వీలు చట్టంలో ఉంది. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో భూమితో సంబంధం ఉన్న ఎవరైనా అధీకృత అధికారికి రాతపూర్వకంగా తమ అభ్యంతరం తెలపవచ్చు. విచారణ జరిపి అధికారి నిర్ణయిస్తారు. ఇందులో రెండు పరిమితులున్నాయి. దిగువ ఊరి మహిళ తాను తాగే నీటి గురించి, కళింగపట్నం దగ్గర వంశధార మొగలో వేట చేసే మత్స్యకారుడు తన వల గురించి చెప్పాలంటే వారికి ఆ సర్వే నంబరులో భూమి ఉండాలి. ఇక పంపులు పెంచి, రసాయనం కలిపి సామర్థ్యం హెచ్చించినప్పుడు కొత్త భూమి అవసరమే రాదు కాబట్టి ఆ నోటిఫికేషన్ కూడా రాదు.

ఈ లోటును పర్యావరణ చట్టం పూడ్చవలసింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చమురు, గ్యాస్ రవాణా పైపులకు ముందస్తు అనుమతి కావాలంటుంది. కానీ ఆ షరతు జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా వెళ్లే పైపులకే పరిమితం. మిగతా దారికి ఆ అనుమతి అక్కర్లేదు, అందువల్ల ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఉండదు. అటవీ భూమి వస్తే అటవీ అనుమతి, తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలోకి వస్తే ఆ అనుమతి వేరుగా కావాలి. సంతబొమ్మాళి మండలంలో వేలాది కొంగలు, పెలికాన్లు వచ్చి వాలే తంపర నేలలు, సోంపేట బీల వంటి చిత్తడి భూములు జాబితాలోని పేర్లకు వెలుపల ఉన్నంతకాలం, వాటి పక్కనుంచి పైపు పోయినా ఈ నోటిఫికేషన్ పలకదు.

సోంపేటతో పోలిస్తే

ఈ తేడా ఎంత ముఖ్యమో ఈ జిల్లా చరిత్రే చెబుతుంది. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి.

ఆ రెండు చోట్లా జనం ముందు ఒక కాగితం ఉంది. పర్యావరణ అనుమతి ఉంది కాబట్టి దానిలో చిత్తడి నేలను బంజరుగా చూపించిన మాటను పట్టుకుని ప్రశ్నించగలిగారు, అప్పీలు చేయగలిగారు. ఇప్పుడు ఆ పని జాతీయ హరిత ట్రైబ్యునల్‌ది. అనుమతి మీద అప్పీలు వేయాలంటే ముందు అనుమతి అంటూ ఉండాలి. పైప్‌లైన్‌కు అదే లేనప్పుడు, పర్యావరణ ప్రశ్న ఉందని చెబుతూ నేరుగా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించే దారి మిగులుతుంది. నష్టాన్ని నిరూపించే భారం, దానికి కావలసిన సమాచారాన్ని సంపాదించే కష్టం ఆశ్రయించినవారి మీదే పడతాయి. సమాచారం మొదటే బయటపెట్టాల్సిన వ్యవస్థకూ, అడిగి అడిగి రాబట్టుకోవలసిన వ్యవస్థకూ మధ్య దూరం కొలవలేనిది.

చెప్పుకునే చోటు లేకపోతే అసంతృప్తి ఏమవుతుందో తమిళనాడులో కనబడింది. 2023 మార్చిలో నాగపట్నం తీరంలో ఒక ముడిచమురు పైపు కారి సముద్రం మీద తెట్టు పేరుకుంది. మత్స్యకారులు వేట మానేసి, మరమ్మతు వద్దు, పైపునే తీసేయండి అని పట్టుబట్టారు. పైపు పడిన నాడు అడగనివారు, కారిన నాడు అడిగారు.

పైపు వద్దంటే లారీలా?

పైప్‌లైన్ పక్షాన ఉన్న వాదన బలహీనమైనది కాదు. 12,300 టన్నుల ఇంధనాన్ని 20 వేల లీటర్ల ట్యాంకర్లలో పంపాలంటే రోజుకు ఏడు వందలకు పైగా లారీలు కావాలి. అవన్నీ ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద, బస్సులూ ఆటోలూ బైకుల మధ్యనే నడవాలి. వాటి పొగ, ప్రమాదాలు, అవి తాగే డీజిల్ కూడా పర్యావరణ లెక్కలోకే వస్తాయి. 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో ముడిచమురు రైలు పట్టాలు తప్పి అంటుకుని 47 మంది చనిపోయాక, పైపే మేలన్న మాట అక్కడ మరింత గట్టిపడింది. టన్నుకు, కిలోమీటరుకు లెక్కిస్తే పైపులో ప్రమాదాలు తక్కువే.

ఈ వాదన తీర్చని ప్రశ్న ఒకటి ఉంది. రహదారి మీద ప్రమాదం వేల ట్యాంకర్లకు పంచుకుని ఉంటుంది, ఒక్కో ట్యాంకరు పగిలితే పోయేది 20 వేల లీటర్లు. 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపులో ఒక్క కిలోమీటరు పొడవునే లక్షన్నర లీటర్లకు పైగా ఇంధనం ఉంటుంది. పగులు అరుదు, పగిలితే ఒకేచోట పడే బరువు పెద్దది. ఆ చోటు నది అయినప్పుడు సగటు లెక్కలతో అక్కడివారికి ఊరట దొరకదు. పైపు కావాలా, లారీలు కావాలా అని అడగడం కంటే, పైపుకు ఎక్కడెక్కడ వాల్వులు కావాలని అడగడం ఉపయోగకరం. నదికి రెండు గట్ల మీదా దూరం నుంచే మూయగల వాల్వులుంటే నదిలో పడే పరిమాణం ఎన్నో రెట్లు తగ్గుతుంది. అది ఖర్చుతో కూడిన పని, అసాధ్యమైన పని కాదు.

ముందు ముందు ఏం జరగవచ్చు?

కెనడా అనుభవం నుంచి పరిశ్రమకు అందే పాఠం డబ్బు రూపంలో ఉంది. ఆలస్యం, దారి మార్పులు, కొత్త షరతులు, పెరిగిన ధరలు అన్నీ కలిసి ఖర్చును ఆరు రెట్లు చేశాయి. మన దగ్గర చట్టం వేగంగా కదులుతుంది కాబట్టి ఆ ఆలస్యం రాకపోవచ్చు. అందువల్లనే విస్తరణలు ఎక్కువగా పాత దారిలోనే, పాత పైపులోనే, ఊరికి తెలియకుండానే జరిగే అవకాశం ఉంది. కొత్త భూమి కావలసినచోట మాత్రం వ్యతిరేకత ధర రూపంలో కనబడుతుంది. పదిశాతం సరిపోదని తోటల రైతులు కోర్టుకెక్కడం దాని మామూలు దారి.

నీటి గురించిన అభ్యంతరానికి దారి తెరవాలంటే చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. పైపు నదిని దాటే చోట్ల పటం, దిగువన ఉన్న తాగునీటి పథకాల పేర్లు, చివరి తనిఖీ జరిగిన తేదీ పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో అతికించడానికి ఏ సవరణా అవసరం లేదు. సామర్థ్యం పెంచే ముందు గరిష్ఠ ఒత్తిడి ఎంత నుంచి ఎంతకు మారుతోందో జిల్లా యంత్రాంగానికి రాతలో ఇవ్వమనడం కూడా సాధ్యమే. ఊటబావి పంపు నడిపే ఆపరేటర్‌కు ఆ స్తంభం మీది ఫోన్ నంబరు తెలియాలి, నియంత్రణ గదికి ఆ ఆపరేటర్ నంబరు తెలియాలి. ప్రమాద సన్నాహక విన్యాసాలు (మాక్ డ్రిల్లులు) పంపు స్టేషన్ ఆవరణలో కాక ఏటి ఒడ్డున జరగాలి. మే నెలలో పాయ సన్నబడినప్పుడు ఒకసారి, అక్టోబరు వరదలో గట్లు నిండినప్పుడు ఒకసారి నిర్వహిస్తే, వాల్వు మూయడానికి పట్టే సమయం ఎంత, ఆ లోపు తెట్టు ఏ బావి దాకా చేరుతుంది అన్నది కొలతగా తేలుతుంది.